దిగిరాని బరువు

పోయిన వారం మీరు నన్ను మంచం పక్కన మోకాళ్ళ మీద వదిలారు. పెళ్ళికి మా అత్త అల్లి ఇచ్చిన మొగలాకు చాప ఎత్తి ఊడుస్తుంటే, దాని కింద దొరికిన ఆస్పత్రి ఉత్తరం నా చేతిలో ఉంది. వాకిట్లో నా భర్త జోరామ్ చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

ఆ ఉత్తరం ఒక్క పేజీ. ఆస్ట్రేలియా నుంచి రెండు వారాల కోసం మా దీవికొచ్చిన గుండె డాక్టరమ్మ రాసింది. నా భర్త గుండె గోడ ఉండాల్సిన దానికన్నా బాగా మందంగా ఉందట. బరువులెత్తడం ఆ రోజు నుంచే మానేయాలట. మానకపోతే ఎత్తుతుండగానే గుండె ఆగిపోవచ్చట. పేజీ చివర సంతకం లేదు. ఆ సంగతి ఆ రోజు నాకు తట్టనే లేదు.

జోరామ్ లోపలికొచ్చి ఉత్తరాన్ని చూశాడు, నన్ను చూశాడు, తలుపు మూశాడు. శనివారం పసిఫిక్ ఆటలకి బరువులెత్తేవాళ్ళ ఎంపిక పోటీ అయ్యేదాకా ఎవరికీ చెప్పనని, ముఖ్యంగా వాళ్ళమ్మకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. పెళ్ళయి అప్పటికి ఇరవై రెండు రోజులు. అడిగితే మా నౌరు దీవి చుట్టూ ఒంటికాలి మీద గెంతుతూ వస్తానని కూడా ఒట్టు వేసేదాన్ని.

ఆ శనివారం రానే వచ్చింది. ఇరవై ఆరో రోజు.

నేను రోజులు లెక్కపెట్టుకునే మనిషిని కాను. కానీ పెళ్ళయ్యాక ఏది చూసినా లెక్కపెట్టాలనిపిస్తోంది. ఒకే గ్లాసులో రెండు పళ్ళ బ్రష్షులు. గుమ్మంలో నా చెప్పులు, వాటి పక్కన అతని చెప్పులు, ఒడ్డుకి లాగిపెట్టిన రెండు పడవల్లా. పొద్దున టీలో డబ్బాపాలు మూడు చెంచాలు వేస్తాడు. నేను చూడటం లేదనుకుని నాలుగో చెంచా నోట్లో పెట్టుకుంటాడు. నూట ఎనిమిది కిలోల మనిషి, పిల్లిలా అటూ ఇటూ చూసి మరీ.

ఆ శనివారం పొద్దున కూడా నాలుగో చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. అతని గొంతులో పాలు దిగడం చూశాను. దాని కింద, బనియను లోపల, నాకు కనపడకుండా కొట్టుకుంటున్న దాన్ని చూడాలని చూశాను. ఏంటలా చూస్తున్నావని అడిగాడు. టీ చల్లారిపోతోందని చెప్పాను.

పోటీ హాలు విమానాశ్రయానికి అవతల పక్కన ఉంది. మేం వెళ్ళేసరికే జనం చాపలు పరిచేసుకుని, అన్నాలూ వేపుడు చేపలూ విప్పేసుకుని ఉన్నారు. జోరామ్ కనపడగానే పిల్లలు అతని కాళ్ళకి చుట్టుకున్నారు. ఒక ముసలామె అతని చెయ్యి తడిమి, ఇది మా మెనెంగ్ ఊరి చెయ్యి అని పక్కవాళ్ళకి చూపించింది. మామూలు రోజైతే నాకు గాల్లో తేలినట్టుండేది. ఆ రోజు మాత్రం వాళ్ళంతా కలిసి అతన్ని ఎక్కడికో మోసుకుపోతున్నట్టు అనిపించింది.

మా అత్త ఎయిగామో లోపలికి రాదు. పదకొండేళ్లుగా రాలేదు. కొడుకు బరువెత్తే ప్రతిసారీ హాలు బయట తన పాత ట్రక్కులో, అద్దాలన్నీ ఎత్తేసి, సముద్రం వైపు తిరిగి కూర్చుంటుంది. అదేదో ఆవిడ నమ్మకమని ఊరంతా నవ్వుతారు. కోడలిగా నేనూ ఆ నవ్వులో కలిశాను.

జోరామ్ చెల్లెలు లూసిటాకి పంతొమ్మిదేళ్ళు. తనూ ఎత్తుతుంది, ఆడపిల్లల విభాగంలో. ఆ పొద్దున నా పక్కకి వచ్చి ఐసుముక్క నములుతూ, నా చెయ్యి తీసుకుని తన గుండెల మీద పెట్టుకుంది.

"చూడు వదినా, ఎలా దంచుతోందో. లోపల ఎవరో దుంగ డోలు వాయిస్తున్నట్టుంది."

నిజంగానే దంచుతోంది. మధ్యలో ఒక దెబ్బ తప్పిపోయి, మళ్ళీ రెండు కలిపి కొట్టింది. పోటీ రోజున అందరికీ అలాగే ఉంటుందిలే అన్నాను. నా బుర్ర నిండా వేరే గుండె ఉంది.

జట్టులో నా పని కార్డులు. ప్రతి ఒక్కరూ తాము ఎత్తబోయే బరువు కార్డు మీద రాసి ఇవ్వాలి. తక్కువ రాసినవాళ్ళు ముందు, ఎక్కువ రాసినవాళ్ళు తర్వాత. రాసిన అంకెని రెండుసార్లు మార్చుకోవచ్చు, అంతే. ఇక బార్ మీద ప్లేట్లు పెరుగుతూ పోవడమే గానీ తగ్గడం ఉండదు. ఈ పని నిజానికి కోచ్ టిమోన్ మామది. ఆయనకి దగ్గర చూపు ఆనదు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాణ్ణని ఒప్పుకున్నట్టేనని పెట్టుకోడు. నేను బడిలో టీచర్ని కదా, అంకెలు గుండ్రంగా రాస్తానని ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు.

మొదటి ఎత్తు, బార్‌ని నేల నుంచి ఒకే ఊపులో తలపైకి లేపేది, మధ్యాహ్నంలోపే అయిపోయింది. జోరామ్ నూట నలభై ఎనిమిది కిలోలు లేపాడు. జనం పాట అందుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను, ఊపిరి బిగబట్టి. తర్వాత పావుగంట సేపు అతను కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్ళి స్నానాల గది తలుపు తోస్తే, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. వేడి ఎక్కువగా ఉందన్నాడు. నా చెయ్యి పట్టుకుని లేచాడు. అతని అరచెయ్యి ఐసు పెట్టెలోంచి తీసిన చేపలా ఉంది.

నేను హాలు వెనక్కి పరిగెత్తి డాక్టరమ్మకి ఫోను చేశాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను నిజమే. ముందే తెలిసిన మనిషికి చెప్పనని వెయ్యలేదు కదా. ఆవిడ సాయంత్రం విమానానికి సామాను సర్దుకుంటోంది. నేను చెప్పింది మొత్తం వింది. అతని అనుమతి లేకుండా తను ఎవరికీ ఏమీ చెప్పకూడదని, కానీ అతనితో మాట్లాడటానికి తనని ఎవరూ ఆపలేరని, ఇరవై నిమిషాల్లో వస్తానని, అప్పటిదాకా ఎలాగైనా ఆపమని అంది.

ఎలా ఆపాలి?

రెండో ఎత్తు మొదలైంది. బార్‌ని ముందు భుజాల మీదికి తెచ్చి, అక్కణ్ణుంచి తల పైకి నెట్టేది. అసలైనది ఇదే. జోరామ్ కార్డు మీద నూట డెబ్భై రెండు ఉంది. ఇంకొకరు దిగగానే అతని వంతు. నేను పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసి నూట డెబ్భై ఎనిమిది రాశాను. సంతకం పెట్టాను. అతని పేరు పట్టికలో కిందికి జారింది. ముగ్గురు ముందుకొచ్చారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. బల్ల కింద నా కాళ్ళు నాట్యం చేస్తున్నాయి. ఒక్క గీతతో ఎనిమిది నిమిషాలు సంపాదించాను.

అప్పుడు ఫోను మోగింది. డాక్టరమ్మ రోడ్డు మీద, గేటు దగ్గర ఆగిపోయి ఉంది. విమానం దిగుతోంది. మా రోడ్డు రన్‌వే చివరని రాసుకుంటూ పోతుంది. విమానం వచ్చిందంటే గేటు పడుతుంది. కార్లు, బైకులు, కుక్కలు, అన్నీ నిలబడాల్సిందే. చిన్నప్పుడు ఆ గేటు పడితే మాకు పండగ. ఆ రోజు అదే గేటు అవతల నుంచి ఆవిడ గొంతు విమానం హోరులో ముక్కలు ముక్కలుగా వినపడింది. ఇంకో పది నిమిషాలు అంటోంది.

ఐవో ఊరి నుంచి వచ్చిన రెండెల్ నూట ఎనభై రాశాడు. అతనికి మూడు ప్రయత్నాలున్నాయి. అతను మొత్తం కానిచ్చేదాకా జోరామ్ వంతు రాకుండా ఉండాలంటే అంతకంటే బాగా పైన రాయాలి. నేను నూట ఎనభై ఏడు రాశాను.

జోరామ్ జీవితంలో ఎత్తిన అతి పెద్ద బరువు నూట ఎనభై అయిదు. దీవి రికార్డు కూడా అదే. నాకు తెలుసు. ఎలాగూ డాక్టరమ్మ వచ్చేస్తుంది, అతను ఎత్తనే ఎత్తడు, ఇంక ఏ అంకైతేనేం అనుకున్నాను. కొత్త పెళ్ళికూతుళ్ళకి అన్నీ మంచిగానే జరుగుతాయన్న పిచ్చి ధీమా ఒకటి ఉంటుంది కదా, అది నా చేత సంతకం పెట్టించింది.

రెండెల్ మొదటి ప్రయత్నంలోనే మోకాలు మడతపడి కూలిపోయాడు. హాలు మొత్తం వినేట్టు అరిచాడు. ఇక ఎత్తలేడని అతని జట్టువాళ్ళు చెయ్యి ఊపేశారు. పట్టికలో మగవాళ్ళెవరూ మిగల్లేదు. ఒకే ఒక్క పేరు, ఒకే ఒక్క అంకె. మార్చుకునే అవకాశాలు రెండూ నేనే ఖర్చుపెట్టేశాను.

మైకులో చెప్పారు. జోరామ్, నూట ఎనభై ఏడు కిలోలు, కొత్త రికార్డు కోసం. హాలు కప్పు లేచిపోతుందా అన్నట్టు అరిచారు జనం.

రెండెల్‌ని స్ట్రెచరు మీద దింపడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. నేను వెనక గదిలోకి పరిగెత్తాను. టిమోన్ మామ కళ్ళు తుడుచుకుంటూ జోరామ్ భుజాలు రుద్దుతున్నాడు. నాతో ఒక్క మాటైనా అనలేదేంట్రా దొంగవెధవా, మనసులోనే పెట్టుకున్నావా అని మురిసిపోతున్నాడు. లూసిటా గుమ్మంలోంచి తల పెట్టి, రికార్డు కొడితే ఆ బూట్లు తనకే ఇచ్చెయ్యాలని, వాటిల్లో చేపలు పెంచుకుంటానని అరిచి వెళ్ళింది. మామ సుద్దపొడి తేవడానికి బయటికి నడిచాడు. మేమిద్దరం మిగిలాం.

జోరామ్ బొటనవేలికి టేపు చుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"ఎవరు రాశారు?"

"నేనే."

టేపు చుట్టడం ఆగింది. నేను అంతా చెప్పాను. స్నానాల గదిలో అతని పెదవులు, ఫోను, గేటు, రెండెల్. వరస తప్పి చెప్పాను. చెబుతూ ఏడుస్తున్నానని మధ్యలో తెలిసింది.

"కిందికి దించు," అన్నాడు.

"దించడానికి లేదు."

అది అతనికి నాకంటే బాగా తెలుసు. పద్నాలుగో ఏట నుంచి తెలుసు. ఎవరైనా వేరే జవాబు చెబుతారేమోనన్నట్టు గోడ వైపు చూశాడు.

"అయితే ఎత్తుతాను."

"జోరామ్, వద్దు. వెళ్ళకు. ఒంట్లో బాలేదని చెప్పు."

"చెప్పి?" గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది నాకు. "పదకొండేళ్ళ నుంచి ఎత్తుతున్నా. ఇప్పుడు ఈ దీవిలో నేను నడిచొస్తుంటే ఏమంటారో విన్నావా? జోరామ్ వస్తున్నాడు అనరు. నూట ఎనభై అయిదు వస్తున్నాడు అంటారు. దుకాణంలో బియ్యం బస్తాల పైన నా ఫోటో కింద పేరు లేదు, ఆ అంకె ఉంది. అది తీసేస్తే ఏం మిగులుతుంది నెరిడా? టీచరువి కదా. తీసివేత చేసి చెప్పు."

నేను ఏదైనా గొప్ప మాట అనాలి. అందుకే దేవుడు నాకు ఆ నిమిషం ఇచ్చి ఉంటాడు. ఒక్కటీ తట్టలేదు. నోటికి ఏదొస్తే అదే అనేశాను.

"నువ్వు చేప ముళ్ళు తీసి నా పళ్ళెంలో పెడతావు."

"ఏంటీ?"

"నాలుగో చెంచా పాలు దొంగతనంగా తింటావు. నిద్రలో నా జడ పట్టుకుంటావు, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు. మా బడికి వచ్చిన రోజు నువ్వు కూర్చుంటే కుర్చీ విరిగింది చూడు, మర్నాడు మేకులు తెచ్చుకుని అదొక్కటే కాదు, ఊగే కుర్చీలన్నీ బాగుచేసి పోయావు. ఎవరూ చూడలేదు. నేను కిటికీలోంచి చూశాను."

"అవి ఎవరైనా చేస్తారే."

"చేస్తారు. నాకు ఆ ఎవరైనా చాలు."

అతను నా వైపు చూశాడు. కోపమో, నవ్వో, ఏదో వచ్చి సగంలో ఆగిపోయింది. తర్వాత చాలా చిన్న గొంతుతో, నాకు భయంగా ఉంది అన్నాడు. ఎత్తడమంటేనా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"ఎత్తకపోవడమంటే."

పేరు పిలిచారు. బెల్టు బిగించుకుని వెళ్ళిపోయాడు.

నేను కార్డుల బల్ల దగ్గరికి ఎలా వచ్చానో తెలీదు. ఫోను చూసుకున్నాను. గేటు ఇంకా తియ్యలేదు. గోడ మీది గడియారం అరవై సెకన్ల నుంచి కిందికి పరిగెడుతోంది, అది అయ్యేలోపే ఎత్తాలి. జోరామ్ వేదిక ఎక్కి, చేతులకి సుద్ద పట్టించి, బార్ ముందు నిలబడ్డాడు. జనం కేకలు ఆపారు. ఎక్కడో చంటిపిల్ల ఏడుస్తుంటే నోరు మూశారు.

వంగాడు. బార్ పట్టుకున్నాడు. వీపు కండలు బిగుసుకున్నాయి.

ముప్ఫై దగ్గర గంట మోగింది. అతను కదల్లేదు. అలా వంగే ఉన్నాడు. మెడ మీద నరం ఒకటి ఎగిరెగిరి పడుతోంది. దాని మీద నుంచి నా చూపు తిప్పుకోలేకపోయాను. ఇరవై నాలుగు. ఇరవై. అది ఆగితే ముందు నాకే తెలుస్తుంది. పదిహేడు. నా చేతిలోని కార్డు తడిసి మెత్తబడిపోయింది. నూట ఎనభై ఏడూ, నా సంతకమూ కలిసి ఒక నీలం మరక అయ్యాయి.

పన్నెండు దగ్గర బార్ వదిలేశాడు.

నిటారుగా నిలబడి, చేతులు దులుపుకుని, గడియారం సున్నాకి వచ్చేదాకా దాన్నే చూశాడు. బజరు మోగింది. ఎత్తు చెల్లదని ఎర్ర లైట్లు వెలిగాయి. అతను నడిచి వెళ్ళి ప్రకటనలు చెప్పే ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"నాకు గుండె జబ్బు ఉంది," అన్నాడు. స్పీకర్లు కీచుమన్నాయి. "ఎత్తొద్దని డాక్టరు చెప్పింది. ఎత్తుదామనే వచ్చాను. బార్ మీద చెయ్యి పడ్డాక భయమేసింది. ఇక ఎత్తను."

టిమోన్ మామ సుద్ద డబ్బా పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే చతికిలబడ్డాడు. వెనక వరసలోంచి ఎవరో, ఎగతాళిగానో నిజంగానో, మరి రేపట్నుంచి ఏం చేస్తావురా అని అడిగారు. నాకు ఆ గొంతు దగ్గరికి వెళ్ళి కొరకాలనిపించింది. జోరామ్ మాత్రం ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించాడు.

"తెలీదు. ముందు ఈ ప్లేట్లు తీస్తాను."

తీశాడు. అది పక్కన నిలబడే కుర్రాళ్ళ పని. వాళ్ళు అడ్డం రాబోతే చేత్తోనే ఆగమన్నాడు. ఒక్కో ప్లేటూ రెండు చేతులా పట్టుకుని, తొందరపడకుండా, చప్పుడు చెయ్యకుండా కింద పెట్టాడు. ఎర్రవి, నీలంవి, పచ్చవి. నేను రాసిన అంకె నా కళ్ళముందే తగ్గుతూ వచ్చింది. ముందు వరసలో అతని చెయ్యి తడిమిన ముసలామె నెమ్మదిగా చప్పట్లు మొదలుపెట్టింది. పాట లేదు, కేకలు లేవు. చప్పట్లే, వానలా, ఒక్కో చాప నుంచీ.

తర్వాత ఆడపిల్లల వంతు. మగవాళ్ళ బార్ మోసుకెళ్ళి పక్కన పెట్టి, సన్నగా ఉండే వాళ్ళ బార్ తనే తెచ్చి వేదిక మధ్యలో పడుకోబెట్టాడు. మొదటి పేరు లూసిటాది, ఎనభై నాలుగు కిలోలు. చెల్లెలి కోసం ప్లేట్లు తనే ఎక్కించాడు. రెండు కొసలా బిగింపులు రెండుసార్లు చూశాడు. బార్‌ని అరచేత్తో ఒకసారి తట్టి దిగాడు. దిగుతూ నా వైపు చూసి నవ్వాడు. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు. నా భయమంతా జారి నేలలో ఇంకిపోయినట్టుంది.

హాలు తలుపు దగ్గర జనం పక్కకి జరుగుతుంటే డాక్టరమ్మ అనుకున్నాను, కాదు. మా అత్త లోపలికొచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి. ట్రక్కు అద్దాలన్నీ ఎత్తి కూర్చుంటుందనుకునేవాళ్ళం గానీ, ఒకదాన్ని వేలెడంత దించి ఉంచేదట ఎప్పుడూ. స్పీకరు మాటలన్నీ విన్నది. ఎవరినీ చూడకుండా నడిచొచ్చి, జోరామ్ చేతులు రెండూ తీసుకుని, వాటి మీది సుద్దని తన గౌను అంచుతో తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే మాట్లాడింది.

"మీ నాన్నకి అప్పుడు ముప్ఫై నాలుగు. ట్యూనా చేపని లాగుతూ లాగుతూ పడవలోనే కూర్చుండిపోయాడు. మునిగిపోయాడని అందరికీ చెప్పాను. మునగలేదురా. బట్టలు కూడా తడవలేదు."

జోరామ్ వంగి ఆవిడ మొహంలోకి చూశాడు.

"గుండె అని చెబితే నిన్ను ఆ బార్ ముట్టుకోనిచ్చేవాళ్ళా? పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి ఎత్తి ఇంటికొచ్చావు, మొహం దీపంలా ఉంది. ఆర్పలేకపోయాను. అందుకే లోపలికి రాలేదు. చూడలేక, ఆపలేక."

జోరామ్ ఆవిడ తల తన గుండెలకి ఆనించుకున్నాడు. ఆవిడ చెవి అక్కడే పెట్టి వింటూ ఉండిపోయింది. కాసేపటికి అతను బెంచీ మీద కూలబడి, బూట్ల తాళ్ళు విప్పాడు. కుడి బూటు అట్ట కింద నుంచి చిన్నగా మడిచిన కాగితం ఒకటి తీసి నాకిచ్చాడు.

"ఇది కూడా నీ దగ్గరే ఉంచు. ఆ ఉత్తరం రెండో పేజీ. నేను చదవలేదు. మొదటిది చదివాక దీన్ని తిప్పే ధైర్యం లేకపోయింది. కాలి కింద తొక్కిపెట్టాను."

చెమటకి తడిసి, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. మైకులో లూసిటా పేరు పిలుస్తున్నారు. జనం మళ్ళీ పాట అందుకున్నారు. నేను కాగితం మెల్లగా విప్పాను. కింద డాక్టరమ్మ సంతకం ఉంది. పైన నాలుగే నాలుగు వరసలు.

ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తోడబుట్టినవాళ్ళందరికీ వెంటనే ఇదే పరీక్ష చేయించాలి. గుండె దడ, దెబ్బ తప్పడం ఉంటే ఆలస్యం చెయ్యవద్దు. పరీక్ష అయ్యేదాకా వాళ్ళు ఎలాంటి బరువూ ఎత్తకూడదు.

నా అరచేతిలో పొద్దుటి దెబ్బ మళ్ళీ తగిలింది. ఒకటి తప్పిపోయి, రెండు కలిపి.

తల ఎత్తాను. గడియారం ముప్ఫై ఎనిమిది దగ్గర ఉంది. లూసిటా సుద్ద ఊదుకుంటూ బార్ దగ్గరికి నడిచింది. అన్న సర్దిపెట్టిన ప్లేట్లని చూసి, మా వైపు తిరిగి కన్ను కొట్టింది. తన కార్డు నా బల్ల మీదే ఉంది. మార్చుకునే గళ్ళు రెండూ ఖాళీగా ఉన్నాయి. పెన్ను ముట్టుకోలేదు నేను. కుర్చీ వెనక్కి పడేట్టు లేచి, తన పేరు పెట్టి అరుస్తూ వేదిక వైపు పరిగెత్తాను. నా గొంతు ఆ పాటలో కలిసిపోయింది.

బార్ అప్పటికే లూసిటా మోకాళ్ళు దాటింది.